బజర్ మోగుతోందని కంటికి ఎలా చెప్పాలి? సర్క్యూట్ గేమ్‌లో శబ్దానికి గుర్తు ఎంచుకునేవాళ్ల కోసం

కర్నూలులో ఒక ప్రభుత్వ హైస్కూలు కంప్యూటర్ ల్యాబ్‌లో, మేము తయారుచేసిన సర్క్యూట్ సిమ్యులేషన్ గేమ్‌ను తొమ్మిదో తరగతి పిల్లలతో ఆడించాం. ఇరవై కంప్యూటర్లు, ఒక్కదానికీ స్పీకర్ లేదు. బ్యాటరీ, స్విచ్, బజర్ కలపాలి, అంతే పని. పిల్లలు సరిగ్గానే కలిపారు. కానీ స్క్రీన్ మీద బజర్ నల్లటి గుండ్రటి డబ్బాలాగా ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. "సార్, ఇది మోగలేదు సార్" అని ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు. ముందు వరసలో ఒక అమ్మాయి సరిగ్గా ఉన్న కనెక్షన్‌ను పీకేసి, తీగలు తిరగేసి పెట్టింది. అప్పుడు సిమ్యులేషన్‌లో బజర్ నిజంగానే ఆగిపోయింది. ఆ అమ్మాయికి మాత్రం ముందుకీ తర్వాతకీ ఏ తేడా కనిపించలేదు. తప్పు మాది.

ఆ తర్వాత మేము చాలా పద్ధతులు చేసి చూశాం. ఎల్‌ఈడీ వెలిగితే కనిపిస్తుంది, మోటారు తిరిగితే కనిపిస్తుంది. శబ్దం ఒక్కటే కనిపించదు. దానికి ఏ గుర్తు పెట్టాలన్న దగ్గర ఆగిపోయినవాళ్లకు మా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

## గుర్తు వేటిని చూసి కదలాలి?

ఏ గుర్తు బాగుంటుందన్న ప్రశ్న కంటే ఇది ముందు తేలాలి. అనంతపురం వైపు పొలాల్లో బోరు మోటారు స్టార్టర్ డబ్బా మీద మూడు చిన్న దీపాలుంటాయి, ఎరుపు, పసుపు, నీలం. కరెంటు వచ్చిందా, మూడు ఫేజుల్లో ఒకటి పోయిందా అన్నది రైతు ఆ దీపాలు చూసి చెప్పేస్తాడు. ఆ దీపాలు మోటారు చప్పుడు విని వెలగవు. లైన్లో ఏముందో దాన్ని బట్టి వెలుగుతాయి. అందుకే మోటారు ఆగిపోయినప్పుడు కూడా అవి నిజమే చెబుతాయి.

గేమ్‌లో చాలామంది దీనికి తిరగేసి చేస్తారు. మేమూ మొదట అలాగే చేశాం. కంప్యూటర్ నుంచి బయటికి వెళ్లే ఆడియోను కొలిచి, దాన్ని బట్టి బొమ్మ కదిలించాం. పాటలు వినిపించే ప్లేయర్‌కు అది సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. ఆటగాడు మ్యూట్ నొక్కవచ్చు, కంప్యూటర్‌కు సౌండ్ పరికరమే లేకపోవచ్చు. బ్రౌజర్‌లో ఆడే గేమ్ అయితే ఇంకో చిక్కు ఉంది. 2018 నుంచి క్రోమ్ బ్రౌజర్ మనిషి ఒకసారి క్లిక్ చేసేదాకా పేజీని శబ్దం చేయనివ్వడం లేదు. ఆడియో మొదలు కాకపోతే గుర్తు కూడా మొదలు కాదు. సరిగ్గా గుర్తు అవసరమైన సమయంలోనే అది చచ్చిపోతుంది.

కాబట్టి శబ్దమూ గుర్తూ రెండూ సర్క్యూట్ లెక్క నుంచే విడివిడిగా పుట్టాలి. ప్రతి శబ్ద పరికరానికి మూడు అంకెలు తీసిపెట్టుకోండి: దాని రెండు కాళ్ల మధ్య సగటు వోల్టేజీ, ఆ వోల్టేజీ పైకీ కిందికీ ఎంత ఊగుతోంది, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోంది. ఇకపై చెప్పేవన్నీ ఈ మూడింటి మీదే నడుస్తాయి.

ఒక జాగ్రత్త. స్క్రీన్ సెకనుకు 60 ఫ్రేములు గీస్తుంటే, ఒక్కో ఫ్రేముకు సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ లోపల సిమ్యులేషన్ వందల అడుగులు వేసి ఉంటుంది. చివరి అడుగులో ఉన్న విలువ ఒక్కటే తీసుకుంటే, ఆ క్షణానికి తరంగం సున్నా దగ్గర ఉండొచ్చు. గట్టిగా మోగే స్పీకర్ కూడా ఉన్నట్టుండి మౌనంగా కనిపిస్తుంది. కనీసం 50 మిల్లీసెకన్ల కిటికీలో అతి ఎక్కువ, అతి తక్కువ విలువలు చూసి ఊపును లెక్కగట్టాలి. 50 హెర్ట్జ్ హమ్‌కు, అంటే సెకనుకు 50 సార్లు ఊగే బొంగురు మోతకు, ఒక్క చుట్టుకే 20 మిల్లీసెకన్లు పడుతుంది, అందుకే ఒక్క ఫ్రేము చాలదు.

## ఏ కొలతలతో చూడాలి

మోగుతోందా లేదా అన్నది తెలియడం ఎలాగూ కావాలి. అంతకంటే ముఖ్యం, మోగకపోతే ఎందుకు మోగలేదో తెలియడం. యాక్టివ్ బజర్ లోపల సొంతంగా ఊగే సర్క్యూట్ ఉంటుంది, బ్యాటరీ ప్లస్, మైనస్ సరిగ్గా తగిలిస్తే చాలు, ఒకే కీచుదనంతో అరుస్తుంది. పాసివ్ బజర్‌కు అది లేదు. బ్యాటరీ తగిలిస్తే "టక్" మని ఒక్కసారి అని ఊరుకుంటుంది. బయట చూడటానికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఈ రెండింటి తేడా చెప్పలేని గుర్తు ఎంత అందంగా ఉన్నా నేను దానికి ఎక్కువ మార్కులు వేయను.

ఆ తర్వాత శబ్ద తీవ్రత, కీచుదనం. ఆ తర్వాత కంటికి హాని చేయకపోవడం, పాత కంప్యూటర్ మీద భారం, బోర్డు మీద పది బజర్లు ఉన్నప్పుడు గజిబిజి కాకపోవడం.

## వెలుగు

అన్నిటికంటే సులువైనది. మోగినప్పుడు బజర్ చుట్టూ పసుపు వెలుగు వేస్తే అయిపోయింది. ఒక పూట పని.

కానీ సర్క్యూట్ గేమ్‌లో వెలుగు అన్నది ఎల్‌ఈడీ భాష. మా రెండో ప్రయత్నంలో ఇదే పెట్టాం. ఒక పిల్లవాడు బజర్‌ను చూపించి "ఈ లైటు ఎక్కువ వెలగాలంటే ఏం చేయాలి సార్" అని అడిగాడు. వాడి ప్రశ్న న్యాయమైనదే.

ఇంకో విషయం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అలారం సర్క్యూట్లలో బజర్ ఆగి ఆగి మోగుతుంది. వెలుగు దానితోపాటు వెలిగి ఆరితే, స్క్రీన్ మీద మిణుకు మొదలవుతుంది. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకు సుమారు 12 సార్లు మారే దృశ్యం చూసి 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. వెబ్ అందుబాటు ప్రమాణాలు ఒక సెకనులో మూడు కంటే ఎక్కువ మెరుపులు వద్దంటాయి. ఆటగాడు 555 టైమర్‌తో (పెట్టిన వేగంతో ఆన్, ఆఫ్ చేసే చిన్న చిప్) సెకనుకు ఏడుసార్లు మోగే సర్క్యూట్ కట్టడం చాలా మామూలు. వెలుగే ఎంచుకుంటే, మోత వేగం మూడు దాటగానే మిణుకు ఆపి, నిలకడగా సగం వెలుగు చూపించేలా రాయండి.

## వలయాలు

ఫోన్‌లో వాల్యూమ్ గుర్తు పక్కన ఉండే వంపు గీతలు అందరికీ తెలుసు. చదువు రాని మా అవ్వకు కూడా తెలుసు. కొత్తగా నేర్పించాల్సిన పని లేదు. ఎల్‌ఈడీతో కలగలిసిపోదు. గీతల సంఖ్యతో తీవ్రత చెప్పవచ్చు, మూడు చాలు.

తీవ్రతకు వోల్టేజీని నేరుగా పెట్టకండి. వోల్టేజీ సగమైతే శక్తి నాలుగో వంతు అవుతుంది, అంటే 6 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలత) తగ్గుతుంది. చెవికి మాత్రం అది సగానికి పడిపోయినట్టు అనిపించదు. 10 డెసిబెల్స్ తగ్గితే గానీ సగం అయినట్టు ఉండదు. నేరు కొలతతో గీస్తే చెవికి బాగా వినిపించే సన్నటి శబ్దం కంటికి కనిపించకుండా పోతుంది. డెసిబెల్ మెట్లు పెట్టి, 10కి ఒక గీత చొప్పున తగ్గించండి.

గీతల మధ్య ఎడంతో కీచుదనం కూడా చూపించవచ్చు. ఇది ఊహించి పెట్టినది కాదు, భౌతికశాస్త్రం చెప్పేదే. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 440 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 78 సెంటీమీటర్లు, 2,300 హెర్ట్జ్‌కు 15. కీచుగా ఉంటే గీతలు దగ్గరగా, బొంగురుగా ఉంటే దూరంగా. ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఇది పట్టుకున్నారు.

లోపం, ఇవి పరికరం హద్దు దాటి బయటికి వస్తాయి. పక్కన ఉన్న తీగలను కప్పేస్తాయి. గీతలను తీగల కింది పొరలో వేయండి, ఖాళీ ఉన్న వైపుకు తిప్పండి. అలా చేశాక మాకు ఫిర్యాదులు ఆగాయి.

## కదలిక

తప్పెట మీద దెబ్బ పడితే చర్మం అదరడం కనిపిస్తుంది. స్పీకర్ కోన్ (గాలిని ఊపే గరాటు లాంటి భాగం) కూడా అంతే కదా, దాన్నే ముందుకూ వెనక్కూ కదిలిస్తే పోలా అని నాకూ అనిపించింది. దీని మీద నేను పెట్టినంత సమయం మరిదేని మీదా పెట్టలేదు. చేతులు కాల్చుకున్నదీ దీనితోనే.

ఉన్నది ఉన్నట్టు కదిలిస్తే స్క్రీన్ అబద్ధం చెబుతుంది. 60 ఫ్రేముల స్క్రీన్ మీద 440 హెర్ట్జ్ కోన్ సెకనుకు 20 సార్లు ఊగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే 440లో ఏడు అరవైలు పోగా మిగిలేది 20. 480 హెర్ట్జ్ అయితే అసలు కదలదు, రాయిలా నిలబడిపోతుంది. ఎనిమిది అరవైలు సరిగ్గా 480. అంటే ఆటగాడు కీచుదనం పెంచుతుంటే కోన్ ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా ఊగి, ఒకచోట ఆగిపోతుంది. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్టు కనిపించడానికి కారణం ఇదే.

అందుకని 15 హెర్ట్జ్ దాకా అసలు కదలికను చూపించి, దాని పైన కోన్ అంచును మసకబరిచిన పట్టీలాగా గీయాలి. ఊపు ఎక్కువైతే పట్టీ వెడల్పు అవుతుంది. వీణ తీగ మీటినప్పుడు కంటికి ఎలా కనిపిస్తుందో అలా.

ఇంత కష్టం దేనికంటే, డీసీ (బ్యాటరీ ఇచ్చే, ఊగని కరెంటు) విషయంలో దీనికి సాటి లేదు. స్పీకర్‌కు నేరుగా బ్యాటరీ తగిలిస్తే కోన్ ఒక పక్కకు జరిగి అక్కడే బిగుసుకుంటుంది. శబ్దం ఉండదు, కాయిల్ మాత్రం వేడెక్కుతూ ఉంటుంది. సగటు వోల్టేజీ ఉంది, ఊపు లేదు. ఈ స్థితిని వలయాలు చూపించలేవు, అవి కనిపించకుండా ఊరుకుంటాయి అంతే. జరిగి ఆగిపోయిన కోన్ చూడగానే "కరెంటు వస్తోంది, కానీ ఊగడం లేదు" అని అర్థమైపోతుంది.

గేమ్‌లో స్లో మోషన్ ఉంటే కదలికకు ప్రాణం వస్తుంది. 555 టైమర్‌కు 1 కిలో ఓమ్, 10 కిలో ఓమ్ రెసిస్టర్లు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే సుమారు 686 హెర్ట్జ్ వస్తుంది. వంద రెట్లు నెమ్మదించండి, కోన్ సెకనుకు ఏడుసార్లు కొట్టుకోవడం కంటితో లెక్కపెట్టుకోవచ్చు. కెపాసిటర్‌ను 10 మైక్రోఫారడ్‌కు మార్చితే స్లో మోషన్ లేకుండానే అదే వేగం, టకటకమని. కెపాసిటర్ ఏం చేస్తుందో ఇంతకంటే బాగా చెప్పే పాఠం నాకు దొరకలేదు.

## తరంగం గీత

పరికరం పక్కన చిన్న కిటికీలో వోల్టేజీ గీత. అన్నిటికంటే నిజాయితీ గలది. చతురస్ర తరంగమా, సైన్ తరంగమా, పైభాగం కత్తిరించుకుపోయిందా, అన్నీ ఇందులోనే తెలుస్తాయి. సిమ్యులేషన్‌ను పాజ్ చేస్తే శబ్దం పోతుంది, ఎందుకంటే శబ్దానికి కాలం నడవాలి. గీత మాత్రం నిలబడి చదువుకోనిస్తుంది.

తొమ్మిదో తరగతి వాళ్లకు ఇది భయం పుట్టిస్తుంది. పది కిటికీలు ఒకేసారి తెరిస్తే పాత కంప్యూటర్ మొరాయిస్తుంది. తట్టినప్పుడే తెరుచుకునేలా పెట్టండి.

## రంగు

కీచుదనాన్ని బట్టి రంగు మార్చడం. మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో నోట్ బ్లాక్ (స్వరం పలికే దిమ్మ) మోగినప్పుడు పైకి లేచే స్వరం గుర్తు రంగు స్వరాన్ని బట్టి మారుతుంది, మొత్తం 25 స్వరాలు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ పక్కపక్క రంగులను విడివిడిగా చూపించి ఏ స్వరమో చెప్పమంటే మనిషి చెప్పలేడు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు తరగతిలో ఉండవచ్చు కూడా. వేరే గుర్తుకు తోడుగా అయితే సరే, ఒంటరిగా వద్దు.

## అక్షరాలు, అంకెలు

"686 హెర్ట్జ్" అని చిన్న చీటీ. లేదా "కరెంటు ఉంది, ఊగే సిగ్నల్ లేదు", "తీగలు తిరగేసి ఉన్నాయి", "వోల్టేజీ చాలదు". మోగనప్పుడు ఎందుకు మోగలేదో ఇంత స్పష్టంగా చెప్పేది మరొకటి లేదు. చూపు లేని పిల్లలు వాడే స్క్రీన్ రీడర్ కూడా దీన్ని చదివి వినిపించగలదు.

తెలుగులో పెట్టేవాళ్లకు ఒక మాట. ఇంగ్లీషు కోసం గీసిన చీటీలో తెలుగు పెడితే వత్తులు కింద తెగిపోతాయి, గుడులు పైన తెగిపోతాయి. "హెర్ట్జ్" అన్న మాటతోనే పరీక్షించి చూడండి. అక్షరం సైజు, వరసల ఎడం రెండూ పెంచాలి. దాంతో చీటీ పెద్దదై చోటు తింటుంది. అందుకే తప్పు ఉన్నప్పుడు మాత్రమే చూపించి, బాగా మోగేటప్పుడు దాచేయడం నయం.

ఫోన్‌లో వైబ్రేషన్ గురించి కొందరు అడుగుతారు. బ్రౌజర్ గేమ్ అయితే ఆండ్రాయిడ్‌లో పనిచేస్తుంది, ఐఫోన్ సఫారీలో పనిచేయదు. పైగా బోర్డు మీద ఏ బజర్ మోగిందో చేతికి తెలియదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | తీవ్రత | కీచుదనం | మోగకపోతే కారణం | పాత కంప్యూటర్ మీద భారం |
|---|---|---|---|---|
| వెలుగు | కొంత | తెలియదు | తెలియదు | చాలా తక్కువ |
| వలయాలు | బాగా | ఎక్కువ తక్కువలు | తెలియదు | తక్కువ |
| కదలిక | బాగా | స్లో మోషన్‌లో మాత్రమే | డీసీ అయితే బాగా | మధ్యస్థం |
| తరంగం గీత | బాగా | బాగా | చదవడం వచ్చినవాళ్లకు | ఎక్కువ |
| రంగు | తెలియదు | సుమారుగా | తెలియదు | చాలా తక్కువ |
| అక్షరాలు | అంకె ఇస్తే | కచ్చితంగా | చాలా బాగా | తక్కువ |

## ఎవరికి ఏది

స్కూలు పిల్లల కోసం చేస్తుంటే వలయాలు, వాటితో తప్పు చెప్పే తెలుగు చీటీ. ఈ జంట మీద నాకు గట్టి నమ్మకం ఉంది. స్పీకర్లు లేని ల్యాబ్‌కూ, ముప్ఫై బజర్లు ఒకేసారి అరిస్తే తట్టుకోలేక టీచర్ మ్యూట్ చేయించిన క్లాసుకూ ఇదే సరిపోయింది. వినికిడి లేని పిల్లలు ఉన్న తరగతిలో అయితే ఇది సౌకర్యం కాదు, వాళ్లకు గేమ్ అంటే ఇదే. సెట్టింగులలో ఎక్కడో దాచి "ఆన్ చేసుకోండి" అనడం వాళ్లకు అన్యాయం. మొదటి నుంచే ఆన్‌లో ఉండాలి.

కడప, అనంతపురంలో పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థులు వాడతారనుకుంటే తరంగం గీత తప్పనిసరి. వాళ్లు ల్యాబ్‌లో సీఆర్‌ఓ (తరంగాలను తెర మీద గీసి చూపే పరికరం) ముందు కూర్చోబోయేవాళ్లు. స్క్రీన్ మీద ఇప్పుడే అలవాటైతే అక్కడ టెన్షన్ పడరు. స్లో మోషన్ ఉంటే కదలిక కూడా పెట్టండి, స్పీకర్‌కు మాత్రం. బజర్‌లో పలక కదిలేది కంటికి కనిపించనంత కొంచెం, దాన్ని ఊపి చూపిస్తే తప్పుడు ఊహ కలుగుతుంది.

ఒక్కరే ఉద్యోగం చూసుకుంటూ రాత్రుళ్లు గేమ్ రాసుకుంటున్నారా? వలయాలతో ఆపేయండి. మూడు గీతల బొమ్మ, ఒక డెసిబెల్ లెక్క, వారాంతంలో అయిపోతుంది. మిగతావి ఆడేవాళ్లు అడిగాక చూసుకోవచ్చు.

పజిల్ గేమ్ అయితే కొంచెం ఆలోచించాలి. తప్పు ఎక్కడో కనుక్కోవడమే పజిల్ అయినప్పుడు చీటీ జవాబు చెప్పేస్తుంది. అక్కడ కదలిక మేలు. జరిగి ఆగిన కోన్ ఆధారం చూపిస్తుంది, జవాబు చెప్పదు.

## ఏది ఎంచుకున్నా సమయం కుదరాలి

పాసివ్ బజర్ "టక్" అనేది ఒకటి రెండు మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఒక్క ఫ్రేములో వచ్చి పోయే గుర్తు చాలామంది కంటికి ఆనదు. గుర్తు వెంటనే లేవాలి, నెమ్మదిగా దిగాలి, కనీసం 200 మిల్లీసెకన్లు నిలవాలి. పాత టేప్ రికార్డర్లలో శబ్ద తీవ్రతకు తగ్గట్టు సూది ఊగే వీయూ మీటర్ ఉండేది, దాని సూది పూర్తిగా లేవడానికే 300 మిల్లీసెకన్లు పట్టేలా ప్రమాణం పెట్టారు. మనకు అంత నిదానమైన లేవడం వద్దు, దిగడానికి మాత్రం ఆ కొలత బాగుంటుంది.

పాత అనంతపురం జిల్లాలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరు. బొమ్మ మీద దెబ్బ పడిన క్షణానే ఆడించేవాళ్ల కాలి కింద చెక్క ధన్‌మనాలి. కొంచెం అటూ ఇటూ అయినా దెబ్బ తగలనట్టే ఉంటుంది. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయంగా కొలిచిన లెక్క ప్రకారం, శబ్దం తెర మీది దృశ్యం కంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా మనిషి పసిగడతాడు. శబ్దం వెనకబడితే కాస్త ఓర్చుకుంటాం, ముందొస్తే ఓర్చుకోలేం. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఆ 125ని సులువుగా దాటిస్తాయి. గుర్తును శబ్దం కోసం ఆపకండి, సర్క్యూట్ లెక్క వచ్చిన ఫ్రేములోనే గీసేయండి. పక్కనే ఎల్‌ఈడీ కూడా వెలుగుతుంటుంది కదా, దానితో కలవడం ముఖ్యం.

విడుదలకు ముందు మేము చేసే పరీక్ష ఇది. సౌండ్ పూర్తిగా ఆపేసి, గేమ్ ఎప్పుడూ చూడని ఒకరికి నాలుగు సర్క్యూట్లు చూపిస్తాం: మోగుతున్న యాక్టివ్ బజర్, తిరగేసి పెట్టిన యాక్టివ్ బజర్, బ్యాటరీకి నేరుగా తగిలించిన పాసివ్ బజర్, 555తో మోగుతున్న స్పీకర్. ఏది మోగుతోంది, మోగనివాటికి ఏమైంది అని అడుగుతాం. వలయాలు ఒక్కటే ఉన్నప్పుడు మొదటి ప్రశ్నకు అందరూ సరిగ్గా చెప్పారు, రెండోదానికి తడుముకున్నారు. చీటీ కలిపాక రెండో సర్క్యూట్ చూసిన వెంటనే ఒక పిల్లవాడు మౌస్ లాక్కుని తీగలు మార్చేశాడు.